పంటకాపునకైన పంపు తుపాకి: అది బిగిసిపోవుటయు, హెడ్‌స్పేసు దోషమును



గుమ్మఘట్ట ప్రాంతమున ముంగారు వానలకు విత్తిన వేరుసెనగ, ఈ సీమలో బుడ్డలని వాడుకగా పిలువబడునది, దసరా నాటికి కాయ గట్టిపడును. అంతవరకు వాన కొఱకు ఆకాశము వంక చూచిన రైతు అప్పటినుండి రాత్రులయందు చేని వంక చూడవలసివచ్చును. వేదవతి గట్టుల మీదను, చెరువు కట్టల వెంబడిని దట్టముగా పెరిగిన సర్కారు తుమ్మ పొదలలో పగలెల్ల దాగియుండు అడవిపందులు చీకటి పడినతోడనే మందలుగా వెడలి, ముట్టెలతో సాళ్ల వెంబడి నేలను తిరుగవేయును. తినునది కొంత, పాడుచేయునది అంతకు మిక్కిలి. సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే గల అనంతపురము జిల్లాలో, చేతికి వచ్చిన పంటను ఒక్క రాత్రిలో పోగొట్టుకొనుట సామాన్యమైన నష్టము కాదు.

అందుచేత కొందఱు రైతులు లైసెన్సు పొంది తుపాకి ఉంచుకొనుచున్నారు. 1959 సంవత్సరపు ఆయుధముల చట్టము 13వ సెక్షను పంటకాపునకై మూతినుండి మందు కూరెడు తుపాకిని పేర్కొన్నది. అది చాలదని లైసెన్సు ఇచ్చు అధికారికి నమ్మకము కలిగినచో, లోపల గాడులు లేక నున్నని గొట్టము గల మఱియొక తుపాకికి లైసెన్సు ఇయ్యవచ్చునని అదే సెక్షను చెప్పుచున్నది. 12 బోరు తుపాకి ఈ తెగకు చెందినది. ఒక పౌను సీసమును పండ్రెండు సమమైన గుండ్లుగా పోసినచో అందొక గుండు పట్టునంతటి గొట్టమగుటచే దానికి 12 బోరను పేరు వచ్చినది.

ఇచట ఒక మాట. తుపాకికి లైసెన్సు వేఱు, జంతువును చంపుటకు అనుమతి వేఱు. 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము, చేనిలో పడిన అడవిపందినైనను అటవీశాఖలో అధికారము గలవారి లిఖితపూర్వకమైన ఉత్తరువు లేక చంపరాదు. కృష్ణజింక సంగతి చెప్పనే అక్కఱలేదు. అది మొదటి షెడ్యూలులో చేరిన జంతువు. ఉత్తరువు పొందిన రైతే తుపాకి ఎత్తవలెను. కరెంటు తీగలు చేని చుట్టు కట్టుట అంతకంటె ఘోరము. పంది పడక మునుపే పొరుగు రైతు పడుచుండుట పలుచోట్ల జరిగినది.

ఇక పంపు తుపాకి విషయము. నడుమ విఱిచి తోటా పెట్టెడు తుపాకిలో చెడుటకు భాగములు తక్కువ. పంపు తుపాకిలో గొట్టము క్రింద మఱియొక సన్నని గొట్టముండి, అందులో తోటాలు ఒకదాని వెనుక నొకటిగా నిలిచియుండును. ముందు పిడిని వెనుకకు లాగి ముందునకు త్రోసినచో కాల్చిన తోటా వెడలి క్రొత్త తోటా గదిలోనికి చేరును. జాన్ బ్రౌనింగు కల్పించిన 1897 నాటి వించెస్టరు మొదలుకొని, 1912 నాటి వించెస్టరు, 1950లో వెలువడిన రెమింగ్టను 870 మొదలగునవి ఈ జాతివే. మన దేశమున తిరుచిరాపల్లి ఆయుధ కర్మాగారమునందును ఇట్టిది తయారైనది. పేర్లు వేఱైనను పని ఒక్కటే. దోషములును ఇంచుమించుగా ఒక్కటే.

పని ఎట్లు జరుగునో తెలియనివాడు దోషమును కనుగొనలేడు. పిడి వెనుకకు రాగానే బోల్టు తాళము విడిపోవును. బోల్టు మొనయందలి కొక్కెము తోటా అంచును పట్టి గదినుండి వెలుపలికి లాగును. తోటా ప్రక్క కిటికీనుండి ఎగిరిపడును. అదే క్షణమున క్రింది గొట్టములోని ఆపు కొక్కెము ఒక్క తోటాను మాత్రము విడిచిపెట్టును. ఎత్తుడు పలక దానిని పైకి లేపును. పిడి ముందునకు పోవునప్పుడు బోల్టు ఆ తోటాను గదిలోనికి నెట్టి, వెనుక తాళము వేసికొనును. ఇన్ని పనులు ఒకదాని నొకటి కాచుకొని జరుగవలెను. చేతి ఊపు సగములో ఆగినచో వరుస తప్పును.

అందుచేత పంపు తుపాకి బిగియుటకు మిక్కిలి తఱచైన కారణము తుపాకిలో లేదు, చేతిలో ఉన్నది. పందిని చూచిన తొందరలో పిడిని పూర్తిగా వెనుకకు తాకునంతవరకు లాగక, ముప్పాతిక దూరము లాగి ముందునకు త్రోయుదురు. కాల్చిన తోటా వెలుపలికి పడక కిటికీలో అడ్డము నిలుచును, లేదా క్రొత్త తోటా ఎత్తుడు పలక మీదికి రాకయే బోల్టు ఖాళీ గదిపై మూసికొనును. రెండవదానిని రైతు గుర్తింపక మీట నొక్కి, టక్కుమను శబ్దము విని, తోటా చెడ్డదని తిట్టును. దీనికి మందు ఒక్కటే: పగటివేళ, మందులేని ఉత్తుత్తి తోటాలతో, పిడిని వెనుకకు చివరివరకు గట్టిగ లాగి, అదే బలముతో ముందునకు త్రోయుట చేతికి అలవాటగునట్లు సాధన చేయుట.

మఱియొకటి బిగియుటయే కాదు, అయినను బిగిసినదని భ్రమింపజేయును. తుపాకి ఎక్కుపెట్టి మూసియున్నంతవఱకు పిడి కదలదు. కదలకుండునట్లే అది చేయబడినది. కాల్చిన పిదప గాని, మీట దగ్గఱనున్న చిన్న విడుపు మీటను నొక్కిన పిదప గాని పిడి వెనుకకు వచ్చును. ఈ సంగతి తెలియక తుపాకి మడమను రాతికి ఆనించి, పిడిని కాలితో తన్ని తెఱువ ప్రయత్నించుట చావును పిలిచినట్లే. అప్పుడు గదిలో తోటా ఉండును, గొట్టపు మూతి తన గడ్డము క్రిందనే ఉండును.

తుపాకి నిజముగా బిగిసినచో ఏమి చేయవలెననునది ఇప్పుడు చెప్పబడును. గొట్టపు మూతి మనుష్యులు, పశువులు, ఇండ్లు లేని వైపునకు, నేల వంపుగా తిరిగియుండవలెను. వ్రేలు మీటనుండి తీసివేయవలెను. సేఫ్టీ వేయవలెను, గాని దానిని నమ్మరాదు. మీట నొక్కినను పేలనిచో, ఆ తోటా ఆలస్యముగా పేలవచ్చును. కావున ఒక నిమిషము కదలక అట్లే నిలిచి, పిదపనే విడుపు మీట నొక్కి తెఱువవలెను. ప్రక్క కిటికీకి ముఖము దగ్గఱగా ఉంచరాదు. తెఱచిన వెనుక గదిలోని తోటాను మాత్రమే గాక క్రింది గొట్టములోని తోటాలన్నిటిని తీసి, గది లోపలికి చిటికెనవ్రేలు పెట్టి ఖాళీయని తెలిసికొనవలెను. చీకటిలో కన్ను మోసపోవును, వ్రేలు మోసపోదు. ఈ పనులు ముగిసినదాక బిగియుటకు కారణమేమని ఆలోచింపనే కూడదు.

పేలిన శబ్దము ఎప్పటికంటె తక్కువగా, తుస్సుమన్నట్లు వినబడినచో మఱింత జాగ్రత్త. మందు సరిగా అంటుకొనక, తోటాలోని అట్ట బిళ్ల గాని గుండ్లు గాని గొట్టములోనే నిలిచిపోయి యుండవచ్చును. పిడిని లాగి మఱియొక తోటా పెట్టి కాల్చినచో గొట్టము పగులును. తుపాకిని ఖాళీ చేసి, గొట్టమును ఊడదీసి, వెనుకనుండి వెలుతురునకు పట్టి చూడవలెను. గుండ్రని వెలుతురు పూర్తిగా కనబడనిచో ఆ రాత్రికి తుపాకి పని ముగిసినట్లే.

అట్లే 12 బోరు తుపాకి గల ఇంట 20 బోరు తోటా ఒక్కటైనను ఉండరాదు. 20 బోరు తోటా గదిలోనుండి జారి గొట్టపు మొదటి ఇఱుకున చిక్కుకొనును. గది ఖాళీగా ఉన్నట్లు తోచును. దాని వెనుక 12 బోరు తోటా చక్కగా పట్టును. ఇట్టి ప్రమాదముచేత లోకమున ఎందఱి ఎడమచేతులో పోయినవి. ఈ కారణముననే పెక్కు కంపెనీలు 20 బోరు తోటాలకు పసుపు రంగు వేయుచున్నవి. చీకటిలో మంచెమీద ఆ రంగు కనబడదు.

తుపాకివలననే కలుగు బిగింపులలో మురికి మొదటిది. ఈ ప్రాంతమున మురికియనగా ముఖ్యముగా ఇసుక. నైరుతి గాలులకు వేదవతి ఎండు గర్భమునుండి లేచు సన్నని ఇసుక కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు చేలనే దిబ్బలుగా కప్పివేయునది. తుపాకి కిటికీలో దూరుట దానికొక లెక్కయా? ఈ ఇసుక నూనెతో కలిసినచో ఆకురాయి పొడివలె పనిచేయును. కావున ఎక్కువ నూనె పూసిన తుపాకి మేలుగ ఉండునను నమ్మకము ఈ నేలకు పనికిరాదు. ఆముదము, బుడ్డల నూనె మొదలగు వంటింటి నూనెలు ఎంతమాత్రమును పూయరాదు. అవి కొన్ని నెలలకు గాలి తగిలి బంకవలె గట్టిపడి, కొక్కెముల వెనుకనున్న సన్నని స్ప్రింగులను కదలనీయవు. కిరసనాయిలుతో పాత బంకను కడిగి, పొడిగుడ్డతో పూర్తిగా తుడిచి, తుపాకులకై అమ్మెడు పలుచని నూనెను గుడ్డకు అద్ది రాయవలెను. కిరసనాయిలును అట్లే వదలివేసినచో తుప్పు పట్టును.

ఎన్నికల కాలమున లైసెన్సుదారులు తుపాకులను పోలీసుఠాణాలో అప్పగింపవలసివచ్చుట రైతులకు తెలిసినదే. అట్లు వారములు, నెలలు మూలనుండి తిరిగివచ్చిన తుపాకిని ఆ రాత్రియే మంచెమీదికి కొనిపోరాదు. గదిలో సన్నని తుప్పు పట్టియుండును. ఆ గరుకుదనము చాలును, కాల్చిన తోటా గోడకు కరచికొని కొక్కెము లాగినను రాకుండుటకు. గదిని ఇత్తడి కుంచెతో తోమి, పొడిగుడ్డతో తుడిచి, వేలితో తడిమి చూడవలెను. గుంటలు పడియున్నచో అది రైతు చేతి పని కాదు. ఉప్పుకాగితముతో గీకువారు గదిని పెద్దదిగా చేసికొందురే గాని బాగుచేసికొనరు.

తోటాలను పరీక్షించుటకు సులభమైన యుపాయము కలదు. గొట్టమును తుపాకినుండి ఊడదీసి, మూతి క్రిందికి ఉండునట్లు పట్టి, తోటాను గదిలో జారవిడువవలెను. తన బరువుచేతనే అంచువరకు దిగవలెను. గొట్టమును త్రిప్పినచో తన బరువుచేతనే వెలుపలికి రావలెను. గొట్టము వేఱుగా ఉన్నప్పుడు సూది లేదు గనుక పేలునను భయము లేదు. తేమకు ఉబ్బిన కాగితపు తోటా, అంచు వంగినది, మాటిమాటికి మందు కూరి వాడిన ఇత్తడి తోటా ఈ పరీక్షలో దొరకిపోవును. ఎండలో ట్రాక్టరు పెట్టెలో పడియున్న ప్లాస్టిక్ తోటాలును వంకరపోవును. ఇట్లు దొరకినవానిని ప్రక్కకు పెట్టవలెనే గాని రాతితో తట్టి సరిచేయరాదు.

తోటా పొడవు విషయమున పెద్ద మోసము కలదు. పాత ఇంగ్లీషు తుపాకులలో పెక్కింటి గది రెండున్నర అంగుళములు, అనగా 65 మిల్లీమీటర్లు. ఇప్పటి తోటాలు సామాన్యముగా రెండుముప్పాతిక అంగుళములు, అనగా 70 మిల్లీమీటర్లు. ఈ కొలత కాల్చి మూతి విప్పుకొనిన తోటాది. మూతి ముడిచియున్న క్రొత్త తోటా దానికంటె పొట్టిగా ఉండును. కావున పొడుగు తోటా పొట్టి గదిలో సులభముగా పట్టును. కాల్చినప్పుడు మాత్రము మూతి విప్పుకొనుటకు చోటు లేక గొట్టపు ఇఱుకులో చిక్కి, మందు వత్తిడి హెచ్చును. గొట్టముపై ముద్రించిన అంకెను, తోటా పెట్టెపై అంకెను ఒకదానితో నొకటి పోల్చి చూచిన రైతు ఈ మోసమునకు లోబడడు. తాతనాటి తుపాకిపై అంకె అరిగిపోయినచో కొలిపించి తెలిసికొనవలెను.

ఇట్లు చేయి, మురికి, తోటా అను మూడింటిని శోధించిన పిదపను తుపాకి మూసికొనకున్నను, లేదా కాల్చిన తోటాలపై వింత గుర్తులు కనబడుచున్నను హెడ్‌స్పేసును అనుమానింపవలెను. ఈ మాటకు మన భాషలో సరియైన పేరు లేదు, వివరముగా చెప్పబడును.

తోటా వెనుక భాగమున చుట్టును ఇత్తడి అంచు ఉన్నది. దాని మందము రెండు మిల్లీమీటర్లకు లోపు. గొట్టపు వెనుక భాగమున ఆ అంచు కూర్చుండుటకు ఒక మెట్టు తొలచబడియుండును. అంచు ఆ మెట్టుపై కూర్చుండగా, వెనుకనుండి బోల్టు ముఖము దానికి ఆనుకొని తాళము వేసికొనును. మెట్టునుండి బోల్టు ముఖము వఱకు గల దూరమే హెడ్‌స్పేసు. గాడికిటికీకి తలుపు మూసినప్పుడు ఉండు సందువంటిది ఇది. సందు లేనిచో తలుపు మూతపడదు. ఎక్కువైనచో తలుపు కొట్టుకొనును. ఇచట తలుపు కొట్టుకొనునది గాలికి కాదు. రెండుముప్పాతిక అంగుళముల 12 బోరు తోటాకు అమెరికా దేశపు తయారీదారులు నిర్ణయించిన అత్యధిక వత్తిడి చదరపు అంగుళమునకు 11,500 పౌనులు. ఆ వత్తిడి రైతు ముఖమునకు జానెడు దూరమున జరుగుచున్నది.

దూరము తక్కువైనప్పుడు బోల్టు పూర్తిగా మూసికొనదు. ఇది తఱచుగా నిజమైన దోషము గాక, మెట్టులోనో కొక్కెపు గాడిలోనో చేరిన ఇసుకయో, ఇత్తడి తునకయో అగును. సూదిమొనగల పుల్లతో తీసినచో పోవును. అప్పుడును మూసికొననిచో బలముగా త్రోయరాదు. 1897 నాటి వించెస్టరు వంటి పాత తుపాకులలో మీటను నొక్కిపట్టి పిడి త్రోసినచో, మూసికొనిన తోడనే పేలును.

దూరము ఎక్కువైనప్పుడు తుపాకి చక్కగా మూసికొనును, పేలును. అందుచేతనే అది ఎక్కువ ప్రమాదకరము. దాని గుర్తులు కాల్చిన తోటాలయందు వెదకవలెను. తోటా నడుమనున్న టోపీ మట్టముగా ఉండవలసినది వెనుకకు పొడుచుకొనివచ్చి గోటికి తగులును. ఇత్తడి భాగము అంచునకు ముందు వలయమువలె ఉబ్బును, లేదా సన్నని చీలిక కనబడును. కొన్నిట సూది గుర్తు లోతు లేక టోపీ పేలకుండును. కాల్చినప్పుడు ముఖమునకు వెచ్చని పొగ తగులుట అన్నిటికంటె చెడ్డ గుర్తు. ఒక్క తోటాలో కనబడినచో తోటా దోషము కావచ్చును, ఏలయన అంచు పలుచనైన తోటాయు ఇట్టి గుర్తులే ఇచ్చును. వేఱువేఱు పెట్టెల తోటాలలో కనబడినచో దోషము తుపాకిది.

కారణములు తుపాకిని బట్టి మారును. రెమింగ్టను 870 వంటివానిలో బోల్టు తాళము గొట్టపు వెనుక పొడిగింపులోనే పడును గనుక, ముందు మూత వదులైనంత మాత్రమున ఈ దూరము మారదు. తాళపు దిమ్మ అరుగుటయో, వేఱొక తుపాకి గొట్టము తగిలించుటయో కారణమగును. పాత వించెస్టరులలో తాళము తుపాకి ఒంటిలో పడును. గొట్టము ఊడదీయుటకు వీలైనవానిలో, పలుమాఱులు ఊడదీసి బిగించుటచే మరలు అరిగి గొట్టము ముందునకు జరుగును. అందుకొఱకు దానిలో సర్దుబాటు చుట్టు ఒకటి కలదు. దానిని త్రిప్పుట తెలిసినవాని పని. నడుమ విఱుచు తుపాకిని మూసి వెలుతురునకు పట్టినప్పుడు గొట్టమునకు వెనుక దిమ్మకు నడుమ వెలుగు గీత కనబడినచో, అదియు ఈ జాతి దోషమే.

ఈ దూరమును కంటితో గాని, దారముతో గాని, తోటా వెనుక కాగితము అతికించి గాని తీర్మానింపరాదు. దీనికి ఉక్కుతో చేసిన రెండు కొలత బిళ్లలు కలవు. ఒకదానిపై బోల్టు మూసికొనవలెను; రెండవదానిపై మూసికొనకూడదు. రెండవదానిపైనను మూసికొనినచో తుపాకి కాల్చుటకు తగదు. ఈ బిళ్లలు తుపాకుల పనివాని యొద్దనే ఉండును.

పనివాడనగా ఊరి కమ్మరి కాదు. కమ్మరి చేతినేర్పు తక్కువని కాదు; 1959 చట్టము 5వ సెక్షను ప్రకారము లైసెన్సు లేనివాడు తుపాకిని మరమ్మతు చేయుటయే నేరము. చేయించిన రైతును చిక్కున పడును. గొట్టమును కోసి పొట్టిచేయించుట 6వ సెక్షను క్రింద మఱియొక నేరము.

పనివాని యొద్దకు పోవునప్పుడు తుపాకి ఖాళీగా, సంచిలో ఉండవలెను. లైసెన్సు పుస్తకము వెంట ఉండవలెను. అప్పగించినందుకు రసీదు తీసికొనవలెను. కాల్చిన తోటాలను కడుగక, తుడువక, ఏ పెట్టెలోనివో కాగితముపై వ్రాసి, గుడ్డలో మూటగట్టి తీసికొనిపోవలెను. పనివానికి రైతు మాటలకంటె ఆ తోటాలే ఎక్కువ చెప్పును. తుపాకి తిరిగివచ్చువఱకు చేనికి మంటలు, కుక్కలు, తప్పెటయే కావలి. తిరిగివచ్చిన దినమున ముందుగా ఉత్తుత్తి తోటాలతో పదిసార్లు పిడి ఆడించి చూచి, పిదపనే అసలు తోటా, అదియు ఒక్కటే, పెట్టవలెను.